చిగుళ్ళ పోరంబోకు

గత జూన్‌లో మా జిల్లా పెద్దాసుపత్రివారు మానవ శరీరాన్ని విభాగాలవారీగా పంచుతూ ఒక ఉత్తర్వు జారీ చేశారు. పంపకం నిష్పక్షపాతంగా జరిగిందని ముందే ఒప్పుకోవాలి. కనురెప్పలు కంటి విభాగానికి దక్కాయి, కనుబొమలు చర్మ విభాగానికి వెళ్ళాయి. ముక్కులోని వెంట్రుకలు సోమ, బుధ, శుక్రవారాల్లో ఒకరివి, తక్కిన రోజుల్లో మరొకరివి అయ్యాయి. ఏడు పేజీల ఆ ఉత్తర్వులో బొడ్డుకు ఒక పూర్తి పేరా కేటాయించారు. పళ్ళు దంత విభాగానికి, రక్తం, అందులోని చక్కెర సహా, షుగరు విభాగానికి రాసిచ్చారు. చిగుళ్ళ ప్రస్తావన మాత్రం మొదటి పేజీ నుంచి ఏడో పేజీ వరకు ఎక్కడా లేదు.

ఉత్తర్వు రాసినవారు పరిపాలనాధికారి దాలినాయుడుగారు. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు భూమి కొలతల శాఖలో పనిచేసి ఆసుపత్రికి డెప్యుటేషన్ మీద వచ్చారు. హద్దురాయి లేని వస్తువు ఏనాటికైనా కోర్టుకెక్కుతుందని ఆయన నమ్మకం. ఆయన వచ్చిన కొత్తలో ఒక రోగి చెవి వెనక కురుపు ఎవరిదన్న విషయమై రెండు విభాగాలు పదకొండు చీటీలు రాసుకున్నాయి. పన్నెండో చీటీ చేరేలోగా కురుపు తనంతట తానే మానిపోయింది. అనుమతి లేకుండా మానిపోవడం ఆయన్ని చాలా కలచివేసిందని, ఉత్తర్వుకు అదే ప్రేరణ అని తరువాత తెలిసింది.

ఈ సంగతులేవీ నాకు పట్టవలసిన అవసరం లేదు. నేను ముప్పై నాలుగేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. కాని ఆగస్టు మొదటివారంలో నా పాత విద్యార్థిని గౌరీశ్వరి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

గౌరీశ్వరి మా ఊరి బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు ప్రకటిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా పార్వతీపురం, సాలూరు, పలాస, పాలకొండ ఆమె గొంతులోంచే బయలుదేరుతున్నాయి. మైకు ముందు ఆమె భాష కడిగిన ముత్యం. మైకు కట్టేస్తే మాత్రం మా ఊరి మాటే.

"ఏటి చెప్పమంటారు మేడం. ముందు పళ్ళు రెండూ ఊగుతున్నాయి. నిన్న సాలూరు అంటే అది నాకే సాలూరులా వినబడనేదు," అంది.

"రక్తం వస్తోందా?"

"తోముకుంటే వస్తాది. తోమకపోయినా వస్తాది. వచ్చే నెల పన్నెండున గొంతు పరీక్ష పెట్టినారు. మాట తేడా వస్తే కాంట్రాక్టు కొనసాగించరట. కుర్రది ఒకర్తె ఇప్పటికే వచ్చి నా కుర్చీ వైపు చూసి పోతంది."

ఆమెకు పదకొండేళ్ళుగా షుగరు ఉంది. ఆ రోజు మూడు వందల పన్నెండు. నేను ఆమెకు ఇంటర్మీడియెట్‌లో చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పాను. రక్తంలో చక్కెర పెరిగితే చిగుళ్ళకు కాపలా తగ్గుతుంది. పంటికీ చిగురుకూ మధ్య సందులో క్రిములు కాపురం పెడతాయి. అక్కడ రగిలిన వాపు ఒళ్ళంతా పాకి ఇన్సులిన్ పనిని పాడుచేస్తుంది, చక్కెర ఇంకా పెరుగుతుంది. ఒకదాన్ని పట్టుకోవాలంటే రెండోదాన్ని కూడా పట్టుకోవాలి. ఇందులో వైద్యశాస్త్రానికి తెలియని రహస్యం లేదు. చిగురు కింద శుభ్రం చేస్తే సరిపోతుంది. రెండు దఫాలుగా, దఫాకు గంట పని.

"గంట పనే కదా," అంది గౌరీశ్వరి, ఊపిరి పీల్చుకుని.

మేము పెద్దాసుపత్రికి వెళ్ళాం.

దంతవైద్యుడు కృపానందం మర్యాదస్తుడు. నోరు చూసి, సన్నని పుల్లతో లోతు కొలిచి, తప్పు చేసినవాడిలా తలవంచుకున్నాడు.

"పళ్ళు బాగానే ఉన్నాయండి. జబ్బు చిగుళ్ళది. చిగుళ్ళు మావి కావు."

"మరి ఎవరివి?" అన్నాను.

"తెలియదండి. జూన్ దాకా మావే. చేతులు ఆడడం లేదు మేడం. పై నెల మొదటివారం దాటితే ఈ రెండు పళ్ళూ నిలవవు. పైగా షుగరు మూడు వందలుండగా తాకవద్దని ఇంకో సర్క్యులర్ ఉంది. ముందు అది తగ్గించుకు రండి."

పక్క భవనంలో షుగరు విభాగం. డాక్టర్ సువర్చల కాగితాలు చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మందు పెంచాను, ఇన్సులిన్ పెంచాను. లోపల చీము ఉన్నంతకాలం ఇది దిగదు. చిగుళ్ళు బాగుచేయించుకు రండి."

"వారు మీ దగ్గరకి పంపారు."

"నేనూ వారి దగ్గరికే పంపుతున్నాను. రక్తం ఒంట్లో ఉన్నంతవరకే నాది మేడం. చిగురు దాటి బయటికి వచ్చాక దానిమీద నాకు అధికారం లేదు."

ఇలా మూడు రోజుల్లో నాలుగుసార్లు ఆ రెండు భవనాల మధ్య తిరిగాం. అయిదోసారి కృపానందమే మెల్లగా, "దాలినాయుడుగారిని కలవండి. హద్దు తేల్చగలిగేది ఆయనొక్కరే," అన్నాడు.

దాలినాయుడుగారు మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, సమస్త దస్త్రాలూ తిరగేశారు. అరగంట తరువాత ఆయన ముఖం వికసించింది.

"మేడంగారూ, మీరు చాలా విలువైన అంశాన్ని మా దృష్టికి తెచ్చారు. ఏ విభాగానికీ చెందకుండా, ఏ దస్త్రంలోనూ నమోదుకాకుండా మిగిలిపోయిన స్థలాన్ని ఏమంటాం?"

"చిగురు అంటాం."

"పోరంబోకు అంటాం," అన్నారాయన ఆప్యాయంగా. "ప్రభుత్వ పోరంబోకు. అందులో క్రిములు ఉన్నాయని మీరే అంటున్నారు. అంటే ఆక్రమణ. ఇది వైద్య సమస్యే కాదండి. రెవెన్యూ సమస్య. మీరింతకాలం పొరపాటు గుమ్మం ఎక్కి దిగుతున్నారు."

గౌరీశ్వరి నా వైపు చూసింది. "అంటే పని అయిపోద్దా మేడం?"

"తప్పకుండా అవుతుందమ్మా," అన్నారు దాలినాయుడుగారు. "ముందు సర్వే జరగాలి."

సర్వేయరు లచ్చన్న సోమవారం వచ్చాడు. గొలుసు తెచ్చాడు గాని నోటిలో పట్టలేదు, స్కేలుతో సర్దుకున్నాడు. పని మాత్రం నిష్ఠగా చేశాడు. గౌరీశ్వరిని ఉత్తరముఖంగా కూర్చోబెట్టి, ఒక్కొక్క పంటికీ ఒక్కొక్క సర్వే నంబరు వేశాడు. చెక్కుబందీ ఇలా రాశాడు: తూర్పు, కుడి బుగ్గ. పడమర, ఎడమ బుగ్గ. ఉత్తరం, పెదవులు. దక్షిణం, కొండనాలుక, ఆపైన గొంతు రస్తా.

"అమ్మా, కొంచెం అటు తిరగండి, వెలుతురు చాలడం లేదు," అన్నాడు.

ఆమె తిరిగింది. దాంతో కుడి బుగ్గ ఉత్తరానికి వెళ్ళిపోయింది. చెక్కుబందీ అంతా తప్పయింది. మొత్తం కొట్టేసి మొదటినుంచి రాశాడు. సగంలో ఆమెకు తుమ్ము వచ్చింది. అప్పుడు మళ్ళీ.

పటం పూర్తయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. పటం చాలా అందంగా ఉందని చెప్పడం నా ధర్మం. ఊగుతున్న రెండు పళ్ళనూ ఎర్రసిరాతో 'అస్థిరమైన హద్దురాళ్ళు' అని గుర్తించాడు.

తరువాత ఎదురైన సమస్య యాజమాన్యం. నోటిలోని పోరంబోకులోకి వెళ్ళాలంటే నోటి గుండా వెళ్ళాలి, నోరు ప్రైవేటుది.

"ఈ నోరు మీ పేరునే ఉందా అమ్మా?" అని అడిగారు దాలినాయుడుగారు.

"నాదే సార్. దస్తావేజు అంటూ ఏటీ లేదు."

"ఎలా సంక్రమించింది? స్వార్జితమా, పిత్రార్జితమా?"

గౌరీశ్వరి నిజాయితీగా ఆలోచించింది. "నోరు మా అమ్మది వచ్చినాదని మా ఆయన అంటాడు సార్."

"అయితే వారసత్వం. ఇద్దరు ఇరుగుపొరుగుల సాక్ష్యం కావాలి."

బస్‌స్టేషన్‌లో వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ, పాలకొండ సర్వీసు కండక్టరు వచ్చి, సదరు నోరు సదరు మనిషిదేనని, తమకు ఊహ తెలిసిన నాటినుంచి ఆమె అనుభవంలోనే ఉందని, వేరెవ్వరూ ఆ నోటితో మాట్లాడగా తాము వినలేదని వాంగ్మూలం ఇచ్చారు. కండక్టరు సంతకం పెడుతూ, "సార్, మా ఇంట్లో నోరు కూడా ఇలా రాయించుకోవాలా? అది నా పేరున లేదు," అన్నాడు. ఆయనకు వేరే దరఖాస్తు ఇచ్చారు.

ఆ మర్నాడు ఆక్రమణదారుల వివరాల ఫారం వచ్చింది. క్రిముల విషయంలో నేను నిపుణురాలినని భావించి దాలినాయుడుగారు నన్ను ఎదుట కూర్చోబెట్టుకున్నారు.

"ఎంతమంది ఉంటారు?"

"కోట్లలో."

"కుటుంబాల లెక్కన చెప్పండి. తండ్రి పేరు?"

"వాటికి తండ్రి ఉండడు. ఒకటి రెండుగా చీలుతుంది."

"తండ్రి పేరు గడి ఖాళీగా వదలకూడదు మేడంగారూ." ఆయన కలం ఆపి ఆలోచించారు. "చీలుతుంది అంటే, భాగాలు పంచుకుని వేరుపడతారన్నమాట. ఎన్నాళ్ళకొకసారి?"

"కొద్ది గంటలకొకసారి."

"పంపకం పత్రాలు రిజిస్టరు చేయించారా?"

"లేదు."

"అక్రమం," అని రాసుకున్నారు. ఆ ఒక్క మాట రాసేటప్పుడు ఆయనలో కనిపించిన ప్రశాంతత నేను చాలామంది ఆచార్యుల ముఖాల్లో కూడా చూడలేదు. "ఎంతకాలంగా నివాసం ఉంటున్నారు?"

"ఈమెకు షుగరు వచ్చినప్పటినుంచి అనుకోండి. పదకొండేళ్ళు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "దేవుడి దయ. ఇంకొక్క ఏడాది ఆలస్యంగా వచ్చి ఉంటే పన్నెండేళ్ళ అనుభవం కింద వాళ్ళకి పట్టా అడిగే హక్కు వచ్చేది. అప్పుడు ఈవిడే ఖాళీ చెయ్యాల్సి వచ్చేది."

కృపానందం ఆ సమయంలో పొరపాటున లోపలికి వచ్చాడు. పళ్ళమీద గార పట్టిందని, అది గట్టిపడి రాయిలా ఉందని, పుల్లతో గీకితే పోదని, యంత్రంతో తీయాలని చెప్పాడు. పనికి తొందరచేద్దామని అతని ఉద్దేశం.

"రాయిలా ఉందా?" అన్నారు దాలినాయుడుగారు. "అంటే పక్కా కట్టడం. డాక్టరుగారూ, ఈ మాట ముందే చెప్పాలండి. గుడిసె అయితే ఒక పద్ధతి. పక్కా కట్టడానికి కూల్చివేత నోటీసు ముప్పై రోజులు."

ఆ రోజు ఆగస్టు ఇరవై నాలుగు. గొంతు పరీక్షకు పందొమ్మిది రోజులుంది.

నోటీసు అయిదు ప్రతుల్లో తయారైంది. ఆక్రమణదారులకు స్వయంగా అందించాలి. వారు తీసుకోకపోతే, ఆవరణలో అందరికీ కనబడేచోట అతికించాలి. అటెండరు జిగురు డబ్బా పట్టుకుని వచ్చి గౌరీశ్వరి ముఖాన్ని అటూ ఇటూ చూశాడు. కాగితం ఫుల్‌స్కేపు.

"నుదుటి మీద అయితే బొట్టుకి అడ్డమవుద్ది సార్," అన్నాడు.

"నుదురు వేరే విభాగం పరిధి," అన్నారు దాలినాయుడుగారు. "దండోరా వేయించండి."

దండోరా నిబంధనల్లో ఉంది. మరుసటి ఉదయం ఔట్‌పేషెంట్ల వరండాలో, నలభై మంది చూస్తుండగా, గౌరీశ్వరి నోరు తెరుచుకుని కూర్చుంది. అటెండరు స్టీలు పళ్ళేన్ని చెమ్చాతో మూడుసార్లు కొట్టి, ఆమె నోటికి జానెడు దూరంలో వంగి, పెద్దగా చదివాడు:

"ఇందుమూలముగా సర్వే నంబర్లు ఒకటి మొదలు ముప్పది రెండు వరకు గల చిగుళ్ళ పోరంబోకునందు అనధికారముగా నివసించు సూక్ష్మక్రిములకు తెలియజేయునదేమనగా, నేటినుండి ముప్పది దినములలోగా తాము తమ సామానుతో సహా స్వచ్ఛందముగా ఖాళీ చేయవలెను. లేనియెడల బలప్రయోగముతో తొలగించబడుదురు."

చదవడం అయ్యాక దాలినాయుడుగారు ముందుకు వంగి నోటిలోకి చూశారు. "విన్నట్టేనా?"

"ఆ," అంది గౌరీశ్వరి. నోరు తెరిచి ఉన్నప్పుడు మనిషి అనగలిగిన మాట అదొక్కటే. దాన్ని ఆక్రమణదారుల అంగీకారంగా నమోదు చేశారు.

ఆ సాయంత్రం ఆమె మా ఇంట్లో కూర్చుని ఏడవకుండా మాట్లాడడానికి ప్రయత్నించింది. "ముప్పై రోజులట మేడం. పళ్ళు వారం పది రోజులకి మించి ఆగవు. పరీక్షరోజున నేను నోరు తెరిస్తే గాలి వస్తాది. ఇరవై రెండేళ్ళు ఈ గొంతుతోనే అన్నం తిన్నాను. ఇంకో పని నాకేటి తెలుసు చెప్పండి."

నాకు కోపం రావడం అరుదు. వచ్చినప్పుడు గొంతు పెంచను, చదువుతాను. జిల్లా గ్రంథాలయానికి వెళ్ళి ఆక్రమణల తొలగింపు నిబంధనల పుస్తకం తెచ్చుకుని ఆసాంతం చదివాను. నూట నలభై రెండో పేజీలో నాకు కావలసిన వాక్యం దొరికింది. ఆక్రమణ ప్రజల రాకపోకలు సాగే రస్తా మీద ఉన్నప్పుడు నోటీసు అవసరం లేదు, అదే రోజు తొలగించవచ్చు.

మర్నాడు ఉదయం పది గంటలకు నా అర్జీ దాలినాయుడుగారి బల్లమీద ఉంది. శ్రీమతి గౌరీశ్వరి నోరు ప్రజా రస్తా అని, దానిగుండా రోజూ నూట పన్నెండు బస్సులు బయలుదేరుతున్నాయని, అవరోధం కారణంగా సాలూరు వైపు మార్గం ఇప్పటికే పాక్షికంగా దెబ్బతిన్నదని అందులో రాశాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఆధారం?"

గౌరీశ్వరి కుర్చీలోంచి లేచి నిలబడి, చెంగు తీసేసి, మైకు భాషలో అంది: "ప్రయాణికులకు గమనిక. రామభద్రపురం మీదుగా బొబ్బిలి వెళ్ళు అయిదు గంటల నలభై నిమిషాల బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారమ్ మీద బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

'సిద్ధముగా' దగ్గర కొద్దిగా గాలి వచ్చింది. దాలినాయుడుగారు మాత్రం అప్రయత్నంగా బల్లకింద ఉన్న తమ సంచీ అందుకున్నారు. ఒక క్షణం తరువాత దాన్ని మళ్ళీ కింద పెట్టారు.

"అది నా బస్సు," అన్నారు నెమ్మదిగా. "రోజూ ఈ గొంతు విని టీ గ్లాసు పడేసి పరిగెడతాను. ఇది మీరేనా అమ్మా?"

"నేనే సార్."

"అయితే నేనే సాక్షిని. ప్రజల అనుభవంలో ఉన్న రస్తాయే ఇది." ఆయన కలం మూత తీశారు. ఆ కళ్ళలో తడి నిజమైనదేనని నా నమ్మకం. మధ్యాహ్నానికి మూడు పేరాల ప్రకటన వెలువడింది. షుగరు మూడు వందలుంటే తాకరాదన్న సర్క్యులర్ రోగులకే గాని రస్తాలకు వర్తించదని రెండో పేరాలో ఉంది. రెండు గంటలకు నాలుగో నంబరు గదిలో కృపానందం యంత్రం ఆన్ చేశాడు. అది చప్పుడు చేస్తూ తిరుగుతుంటే గది బయట లచ్చన్న ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. రస్తా పనులు జరిగేచోట అది తప్పనిసరి.

నాలుగో రోజున రెండో దఫా కూడా అయింది. చిగుళ్ళలో వాపు తీసింది. ఊగే పళ్ళను కృపానందం సన్నని తీగతో పక్కపళ్ళకు కట్టాడు. సెప్టెంబరు మొదటి వారానికి షుగరు రెండు వందల లోపుకు దిగింది, సువర్చల ఇన్సులిన్ కొంచెం తగ్గించింది. పన్నెండున జరిగిన పరీక్షలో గౌరీశ్వరి సాలూరు అన్నప్పుడు అది సాలూరులాగే వినబడిందని ముగ్గురు పరీక్షకులూ రాశారు. కుర్చీ ఆమెకే ఉండిపోయింది.

అప్పటికి ఒకరి పళ్ళు మాత్రమే దక్కాయి.

పదిహేనున మేము పళ్ళు చూపించుకోవడానికి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి వరండాలో బెంచీలు చాలలేదు. చిగుళ్ళనుంచి రక్తం కారుతున్న షుగరు రోగులందరూ తమ నోళ్ళను ప్రజా రస్తాలుగా ప్రకటించమని అర్జీలు పట్టుకుని కూర్చున్నారు. దాలినాయుడుగారు ఒక్కొక్కరినీ విచారిస్తున్నారు. చేపల వేలం పాడే ఆయన నోరు సంతగా నమోదైంది. బడిపంతులు నోరు పరిశీలనలో ఉంది. అప్పలనరసమ్మ అనే అరవై ఏళ్ళ ఆవిడ వంతు వచ్చింది.

"మీరేం చేస్తారు?"

"ఇంట్లోనే ఉంతాను బాబూ. వండతాను."

"మాట్లాడతారా?"

"ఎవులితో మాటాడతాను. వినీవోళ్ళు ఉండాల గదా."

దాలినాయుడుగారు విచారంగా తల ఊపి రాశారు: "రాకపోకలు లేవు. సాధారణ పోరంబోకు. ముప్పది దినముల నోటీసు, సర్వే వరుస నంబరు నలభై మూడు."

ఆవిడ దవడ పట్టుకుని బెంచీమీదికి వెళ్ళిపోయింది. గౌరీశ్వరి ఆవిడ వైపు చాలాసేపు చూసింది. తరువాత లేచి, చీటీలు పిలిచే కౌంటరు దగ్గరకు వెళ్ళి మైకు తన వైపు తిప్పుకుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. షుగరు కలిగి, చిగుళ్ళనుండి రక్తము, వాపు లేదా కదిలే పళ్ళు గలవారు వెంటనే నాలుగవ నంబరు గది వద్దకు చేరుకోవలసిందిగా కోరుచున్నాము. నోటీసు అవసరము లేదు. పటము అవసరము లేదు. నాలుగవ నంబరు గది బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."

ఇరవై రెండేళ్ళుగా ఆ గొంతు చెప్పినప్పుడల్లా లేచి పరుగెత్తడం అలవాటైన జిల్లా అది. బెంచీలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఏ జబ్బూ లేని ఇద్దరు ముగ్గురు కూడా సంచులు భుజాన వేసుకుని వరసలో కలిశారు. గుమ్మంలో నిలబడ్డ కృపానందం చేతితొడుగులు అప్పటికే వేసుకున్నాడు. "ప్రకటన విన్నాను. విన్నాక ఆగడం నా చేతుల్లో లేదు," అని మొదటి మనిషిని లోపలికి లాగాడు.

దాలినాయుడుగారు పరుగున వచ్చారు. "ఏంటమ్మా ఇది? ముందు నోరు ముయ్యండి."

గౌరీశ్వరి మైకు పక్కన పెట్టి, చేతిసంచీలోంచి ఆయన ప్రకటన ప్రతి తీసి, మూడో పేరా దగ్గర వేలు పెట్టి చూపించింది. ఆయన పైకే చదివారు: "సదరు రస్తాను ముప్పది దినముల ముందస్తు ప్రకటన లేకుండా, ప్రత్యామ్నాయ మార్గము చూపకుండా మూసివేయుట గాని, మూసివేయమని కోరుట గాని శిక్షార్హము."

కింద ఆయన సంతకం ఉంది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని చూశారు. అది ఆయనదే.

"పేరా సరిగానే ఉంది," అన్నారు చివరికి. చట్టాన్ని గౌరవించే మనిషి. లచ్చన్న చేతిలోంచి ఎర్రజెండా తీసుకుని నాలుగో నంబరు గది ముందు నిలబడి, "ఎడమపక్కగా నడవండి, తోసుకోవద్దు," అనడం మొదలుపెట్టారు.

మూడు గంటలకు అప్పలనరసమ్మ పుక్కిలించి, పెదవులు తుడుచుకుని బయటికి వచ్చింది. దాలినాయుడుగారి ఎదుట ఆగింది. ఇంట్లో వినేవాళ్ళు లేక అరవై ఏళ్ళుగా దాచుకున్నవో ఏమో, ఆయన సర్వేను గురించి, నోటీసును గురించి, వరుస నంబరు నలభై మూడును గురించి ఆవిడ ఆగకుండా పదిహేడు వాక్యాలు చెప్పింది. నేను లెక్కపెట్టాను. దాలినాయుడుగారు జెండా దించి, పక్కకు జరిగి, రాకపోకలకు దారి ఇచ్చారు.